షుగర్ పుస్తకంలో ఎముకకీ ఒక గడి పెట్టండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు, షుగర్ చూసే డాక్టర్లకు, ఎముకల డాక్టర్లకు

నమస్కారం.

నేను రాయలసీమలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఉద్యోగ నిబంధనల వల్ల పేరు రాయడం లేదు, అంతకు మించి దాచేదేమీ లేదు. షుగర్ ఉన్నవాళ్ల ఎముకలు పెళుసెక్కుతాయి, వాటినీ చూడండి అని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు. పద్దెనిమిది రోజులకి 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కనుక్కుందామని వెళ్తే, "సంబంధిత శాఖకి పంపేశాం మేడమ్, మా దగ్గర క్లోజ్ అయినట్టే" అన్నారు. రెండోసారీ ఇచ్చాను. అదే మెసేజ్. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

జరిగింది చెబుతాను. మా అమ్మకి 68 ఏళ్లు. షుగర్ వచ్చి 17 ఏళ్లయింది. 2021లో వాకిట్లో కళ్లాపి చల్లుతూ జారి, చెయ్యి ఆనించింది. కుడి మణికట్టు విరిగింది. మా ఇళ్లల్లో అలవాటు ప్రకారం ముందు పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకొచ్చాం. తర్వాత టౌన్లో ఎముకల డాక్టరుకి చూపించాం. ఆయన ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాశారు. తుంటి దగ్గర టీ స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ల ఎముకతో పోలిస్తే ఎంత తక్కువో చెప్పే అంకె, మైనస్ 2.1 వచ్చింది. "మైనస్ 2.5కి దిగితేనే బోలు ఎముకల జబ్బు అంటాం, అమ్మగారిది ఇంకా అంత దూరం రాలేదు, కాల్షియం వేసుకోమనండి" అన్నారు. హమ్మయ్య అనుకున్నాం.

అదే నెలలో, చేతికి కట్టు ఉండగానే, షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లాం. చేతికేమైందని అడిగారు. పడ్డానని అమ్మ చెప్పింది. "చూసుకుని నడువవ్వా" అని, చీటీ మీద పాత మందులే మళ్లీ రాశారు. అందులో ఒకటి మూడు మందులు కలిపిన మాత్ర: మెట్‌ఫార్మిన్, గ్లిమిపెరైడ్, పయోగ్లిటజోన్.

2024 కార్తీకంలో తెల్లవారుజామున బాత్‌రూమ్‌కి లేచి, గడప దగ్గర పడింది. ఎడమ తుంటి. తమ్ముడు గ్లూకోమీటరుతో చూస్తే షుగర్ 58కి పడిపోయి ఉంది. ఆస్పత్రిలో ఒక చిన్న డాక్టరు, పాపం చెడ్డగా ఏమీ అనలేదు, "ఈ వయసులో పడితే విరగదా అమ్మా?" అన్నాడు.

విరగకూడదు బాబూ. మేడ మీద నుంచి పడితే విరగొచ్చు, బండి గుద్దితే విరగొచ్చు. నిలబడ్డ మనిషి నిలబడ్డ చోటే పడి విరిగితే, ఆ ఎముక అప్పటికే పెళుసెక్కి ఉందని అర్థం. ఆ మాట మూడేళ్ల ముందే మణికట్టు చెప్పింది. ఎముకల డాక్టరు షుగర్ సంగతి అడగలేదు, షుగర్ డాక్టరు ఎముక సంగతి పట్టించుకోలేదు. డిశ్చార్జ్ చీటీలో కాల్షియం, యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు రాసి, షుగర్ మందుల దగ్గర 'సేమ్ మెడిసిన్స్ కంటిన్యూ' అన్నారు. ఆ మూడింట్లో పయోగ్లిటజోన్‌ని, ఎముకలకి ముప్పని ఎప్పుడో తేలిన మందుని, తుంటి విరిగిన తర్వాత కూడా, ఇంకో రెండున్నర నెలలు మా అమ్మ మింగింది.

ఇది మా ఇంటి గొడవ అయితే ఇంట్లోనే ఏడ్చుకునేదాన్ని. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, షుగర్ అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. కళ్లు, కిడ్నీలు, గుండె, పాదాలు చెడిపోతాయని వీళ్లకి చెబుతున్నారు. ఎముకల పేరు ఆ వరసలో వినపడదు. ఎందుకు వినపడాలో వివరిస్తాను. డాక్టర్లకి తెలిసినవే, కానీ చదివే మిగతావాళ్ల కోసం.

1. స్కాన్ బాగున్నా ఎముక బాగుండకపోవచ్చు. చిన్నప్పుడే వచ్చే టైప్ 1 షుగర్‌లో ఎముక సాంద్రతే తగ్గుతుంది, తుంటి విరిగే ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. పెద్దయ్యాక వచ్చే టైప్ 2లో అసలు తిరకాసు ఉంది. వీళ్ల స్కాన్ మామూలుగా వస్తుంది, ఒక్కోసారి మామూలు కంటే మెరుగ్గా కూడా వస్తుంది. అయినా ఎముకలు మాత్రం ఎక్కువగానే విరుగుతాయి. డెక్సా కొలిచేది ఎముకలో ఖనిజం ఎంతుందన్నదే. ఇంట్లో సిమెంటు ఎన్ని బస్తాలు పోశారో లెక్కేసి గోడ గట్టిదని సర్టిఫికెట్ ఇచ్చినట్టు ఉంటుంది.

మన ప్రాంతం వాళ్లకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చిన పల్లెల్లో, ఫ్లోరోసిస్‌ని గుర్తించి రాశారు. తర్వాత నల్లగొండ బాధ లోకమంతా చూసింది. ఆ ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా దట్టంగా కనపడతాయి. అయినా పెళుసువే. కారణం వేరు కావచ్చు. దట్టంగా ఉన్నదల్లా గట్టిది కాదని మాత్రం మన రెండు రాష్ట్రాలకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఈ తేడాకి లెక్క కూడా ఉంది. టైప్ 2 ఉన్నవాళ్ల టీ స్కోరు నుంచి సుమారు అర పాయింటు తీసి చదవాలని 2011 నుంచి పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2024 మార్గదర్శకాల్లో ఎముకల గురించి ప్రత్యేకంగా రాసి, షుగర్ ఉన్న పెద్దవాళ్లకి మైనస్ 2.0 దగ్గరే మందు మొదలెట్టమంది. పెళుసుదనం వల్ల ఎముక ఒకసారి విరిగితే స్కోరు కోసం ఆగక్కర్లేదని కూడా అంది. మా అమ్మది మైనస్ 2.1. మణికట్టు విరిగి ఉంది. నేను ఇంకేం చెప్పను?

ఇంకో విచిత్రం. పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో చెప్పే ఫ్రాక్స్ అనే లెక్క ఉంది, 2008లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు తెచ్చింది. ఆ మామూలు ఫారంలో టైప్ 2 షుగర్‌కి గడి లేదు. దాని బదులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ గడిలో టిక్ పెట్టుకోమని నిపుణులే సలహా ఇస్తారు. లేని కీళ్లవాతం ఉందని రాస్తే తప్ప ఉన్న షుగర్ లెక్కకి రాదన్నమాట.

2. ఎముక లోపల జరిగేది. ఎముకంటే సున్నం ముద్ద కాదని ఎనిమిదో తరగతి పిల్లలకి నేనే చెబుతాను. కొల్లాజెన్ అనే ప్రోటీన్ తాళ్ల అల్లిక మీద ఖనిజం పట్టి ఉంటుంది. ఆ తాళ్ల వల్లే ఎముక కాస్త సాగుతుంది, దెబ్బని ఓర్చుకుంటుంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ తాళ్లకి అంటుకుని, ఒకదానికొకటి బిగిసిపోయేలా ముళ్లు వేస్తుంది. పెనం మీద దోసె ఎర్రబడే చర్యకి ఇది దగ్గరి చుట్టం. బెల్లం పాకం తెలిసినవాళ్లకి ఒక్క మాట చాలు: లేతపాకం సాగుతుంది, ముదురుపాకం పుటుక్కుమంటుంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో చూసేది కూడా ఇలా అంటుకున్న చక్కెరనే, కాకపోతే హిమోగ్లోబిన్ మీద. రక్తకణం నాలుగు నెలల్లో పోయి కొత్తది వస్తుంది. ఎముక అంత తొందరగా మారదు.

పైగా షుగర్ ఉన్నవాళ్లలో పాత ఎముకని తవ్వి కొత్తది పోసే పని మందగిస్తుంది. రోజూ నడకలో పడే సన్నని పగుళ్లు పూడవు. మా ఊరి రోడ్డు గుర్తొస్తుంది నాకు.

3. ఇది షుగర్ తేలిన రోజున మొదలవదు. ఇన్సులిన్ ఎముక కట్టే కణాలకి కూడా కబురు అందిస్తుంది. శరీరం ఇన్సులిన్ మాట వినడం మానేసిన దశలో రిపోర్టులో షుగర్ మామూలుగానే ఉండొచ్చు. పొట్ట పెరుగుతుంది, మెడ వెనక చర్మం నల్లబడుతుంది, కొందరు అమ్మాయిలకి నెలసరి తప్పుతుంది. ఒంటి బరువు ఎక్కువ కాబట్టి ఎముక సాంద్రత బాగానే కనపడుతుంది. కానీ మోయాల్సిన బరువుతో పోల్చి చూస్తే ఆ ఎముక బలం తక్కువే. పొట్ట కొవ్వు వల్ల ఒంట్లో సన్నగా రగిలే వాపు కూడా ఎముకకి చేటే. మా స్కూల్లో పదో తరగతి పిల్లల మెడలు చూస్తుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. తల్లులు మురికనుకుని సున్నిపిండితో రుద్దుతున్నారు.

4. ఎముక పెళుసెక్కడం ఒకెత్తు, పడిపోవడం ఇంకొకెత్తు. అరికాళ్లు మొద్దుబారితే నేల తెలియదు. కంటి లోపలి పొర (రెటీనా) దెబ్బతింటే గడప కనపడదు. షుగర్ ఎక్కువైతే రాత్రి నాలుగుసార్లు లేవాలి, మందు ఎక్కువై షుగర్ పడిపోతే లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే కొందరిలో బీ12 తగ్గి తిమ్మిర్లు ఇంకా పెరుగుతాయి. పెద్దవాళ్లకి షుగర్ మరీ బిగించి తగ్గించొద్దని చెప్పడానికి, షుగర్ తగ్గి ఇలా పడిపోవడం ఒక కారణం.

5. మందులు. పయోగ్లిటజోన్ లాంటి మందుల వల్ల ఆడవాళ్లలో ఎముకలు విరిగే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని పదిహేనేళ్ల కిందటే తేలింది. మన దేశంలో 2013 జూన్‌లో దాన్ని ఆపేసి, జూలై ఆఖరుకల్లా షరతులతో మళ్లీ అనుమతించారు. అప్పటి చర్చ ఎక్కువగా మూత్రాశయ క్యాన్సర్ చుట్టూ తిరిగింది. చవక మందు, షుగర్ బాగా తగ్గిస్తుంది, కొందరికి సరైనదే కావచ్చు. ముట్లుడిగిన ఆడవాళ్లకి, ఒకసారి ఎముక విరిగినవాళ్లకి మాత్రం ఆలోచించి రాయాలి. మూడు మందులు కలిపిన మాత్రలో అది ఉందని రోగికి ఎవరు చెబుతారు? చదువుకున్న నాకే మాత్ర అట్ట వెనక అక్షరాలు చదవాలని తట్టలేదు. (ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపకండి. డాక్టరుని అడగండి. మెట్‌ఫార్మిన్ వల్ల ఎముకకి చేటేమీ కనపడలేదు.)

6. షార్కో పాదం. నరాలు మొద్దుబారిన పాదంలో ఎముకలు నొప్పి పెద్దగా తెలియకుండానే విరిగి కుంగిపోతాయి. పాదం ఎర్రగా, వేడిగా వాస్తుంది. ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చి నడవనిస్తే పాదం ఆకారమే పోతుంది. అలా వాచిన పాదానికి పసరు కట్టు బిగించినా ప్రమాదమే, కింద పుండు పడుతున్నా మనిషికి తెలియదు. పుత్తూరు కట్టు మీద నాకు గౌరవం ఉంది, మా తాత చెయ్యి అక్కడే బాగైంది. కట్టు కట్టే ముందు 'షుగర్ ఉందా' అని ఒక్క మాట అడిగేలా అక్కడివాళ్లతో మీరు మాట్లాడాలి.

7. విరిగాక ఇంట్లో ఏమవుతుందంటే. పెద్ద వయసులో తుంటి విరిగినవాళ్లలో ఐదుగురిలో ఒకరైనా ఏడాది తిరిగేలోపు చనిపోతారు. షుగర్ ఉంటే ఎముక అతకడం ఆలస్యం, కుట్లు మానడం ఆలస్యం. మా అమ్మ బతికింది. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు మీద పోయింది, అందుకు కృతజ్ఞతలు. తర్వాతి ఖర్చుకి కార్డు లేదు. పిరుదు మీద పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. మరదలు కుట్టుమిషన్ మూసేసి అమ్మ దగ్గర కూర్చుంది, ఆ ఇంటికి నెలనెలా వచ్చే డబ్బు ఆగింది. పాడి గేదెని అమ్మారు. ఇప్పుడు అమ్మ వాకర్‌తో వసారా దాకా వస్తుంది, వాకిట్లోకి దిగదు. పడతానని భయం. దిగకపోతే కండ కరుగుతుంది, కండ కరిగితే మళ్లీ పడుతుంది. ఉపాధి పనికి వెళ్లే ఆడమనిషికి ఇదే జరిగితే ఆ ఇంటి లెక్క మీరే వేసుకోండి.

వెన్నుపూసలు నలిగినవాళ్లయితే ఆస్పత్రి దాకా కూడా రారు. నడుం వంగుతుంది, మనిషి పొట్టిదవుతుంది, 'వయసు' అంటారు, గ్యాస్ మాత్ర వేసుకుంటారు.

మేము అడుగుతున్నవి ఇవి:

1. షుగర్ రోగుల పుస్తకంలో, ఆన్‌లైన్ రికార్డులో రెండు ప్రశ్నలు చేర్చండి: 'ఈ ఏడాదిలో పడ్డారా? 40 దాటాక ఎప్పుడైనా ఎముక విరిగిందా?' ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో 60 దాటినవాళ్లని నిలబడేటప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నారా అని అడిగే ప్రశ్న ఇప్పటికే ఉంది. ఆ జవాబు ఎక్కడికి పోతోంది? 'అవును' అన్న మనిషిని ఎవరు చూడాలో రాతపూర్వకంగా చెప్పండి. ఆశాలకి ఇంకో ఫారం పెట్టమనడం లేదు, వాళ్ల దగ్గర ఉన్నవే ఎక్కువ.

2. తుంటి విరిగి ఆపరేషన్ అయిన షుగర్ రోగిని ఎముక బలానికి ఏం మందు ఇవ్వాలో తేల్చకుండా డిశ్చార్జ్ చేయకండి. ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ వల్ల తుంటి విరిగినవాళ్లలో మళ్లీ విరగడమే కాదు, మరణాలు కూడా తగ్గాయని 2007లోనే పెద్ద ట్రయల్‌లో తేలింది. షుగర్ రోగుల్లో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఎక్కువ కాబట్టి ముందు క్రియాటినిన్, విటమిన్ డి చూడాలి. ఆ పరీక్షలు, ఆ ఇంజెక్షన్ ఆపరేషన్ ప్యాకేజీలోనే ఉండాలి. విరిగిన ఎముకకి డబ్బిచ్చే పథకం రెండో ఎముక విరగకుండా ఇవ్వడానికి వెనకాడితే నష్టం పథకానికే.

3. ఎముక విరిగిన ప్రతి షుగర్ రోగి మందుల చీటీని డిశ్చార్జ్‌కి ముందు షుగర్ డాక్టరో జనరల్ మెడిసిన్ డాక్టరో ఒకసారి చూసి సంతకం పెట్టాలి. 'సేమ్ మెడిసిన్స్ కంటిన్యూ' అనే ముద్ర ఆపండి.

4. జిల్లాకి కనీసం ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేసే డెక్సా మిషన్ ఉండాలి, రిపోర్టు మీద 'షుగర్ ఉంది, స్కోరు సర్ది చదవండి' అని అచ్చు వేయాలి. మిషన్ వచ్చేదాకా ఆగక్కర్లేని పని కూడా ఉంది: ఎత్తు కొలవడం. మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గినవాళ్లకి వెన్ను ఎక్స్‌రే తీయండి. దానికి గోడ మీద గీత చాలు.

5. పయోగ్లిటజోన్ ఉన్న మాత్రలు రాసేటప్పుడు వయసు, పాత విరుగుళ్లు అడగాలని ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరికీ సర్క్యులర్ పంపండి. మందు అట్ట మీద తెలుగులో ఒక్క లైను హెచ్చరిక కోసం కేంద్రానికి రాయండి.

6. తిండి, ఎండ. తిరుపతి చుట్టుపక్కల జనం మీద అక్కడి స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు చేసిన పనిలో, ఎండలో పొలం పని చేసే పల్లెవాళ్లలో కూడా విటమిన్ డి లోపం విరివిగా కనిపించింది. తిండిలో కాల్షియం బాగా తక్కువని తేలింది. 2007లోనే ప్రచురించారు. పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన ఆడవాళ్లకి 1200 కాల్షియం కావాలని ఐసీఎంఆర్ లెక్క. వంద గ్రాముల రాగుల్లో 364 ఉంటుంది. సంగటి తినే సీమని రేషన్ బియ్యానికి మార్చింది ప్రభుత్వాలే కాబట్టి, రాగులు రేషన్‌లో క్రమం తప్పకుండా ఇవ్వమని అడిగే హక్కు మాకుంది. షుగర్ ఉన్నవాళ్లు సంగటి కూడా కొలత చూసుకునే తినాలి, అది వేరే సంగతి.

7. ఎముకల డాక్టర్లకీ, షుగర్ డాక్టర్లకీ విడిగా ఒక మనవి. మీ ఇద్దరి గదుల మధ్య ఇరవై అడుగుల వరండా ఉంటుంది. రోగి చేతికి చీటీ ఇచ్చి పంపండి చాలు. మా అమ్మ చేతి కట్టు చూసిన రోజున ఆ చీటీ రాసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

వీటిలో ఏది చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో అరవై రోజుల్లోగా బహిరంగంగానే చెప్పండి. డబ్బు లేదంటే లేదనే చెప్పండి, ఒకటో మూడో నంబర్ల పనులకి కాగితం, ఇంకు తప్ప ఖర్చేమీ లేదు. నా రెండు రసీదులూ భద్రంగా ఉన్నాయి. వాటి మీద నా ఫోన్ నంబరు ఉంది. ఈసారి 'పరిష్కరించబడినది' అని మెసేజ్ పెట్టే ముందు ఎవరో ఒకరు ఆ నంబరుకి ఫోన్ చేయండి. సాయంత్రం ఐదు తర్వాత అయితే బడి ఉండదు.

ఇట్లు,
ఒక షుగర్ పేషెంటు కూతురు,
జీవశాస్త్రం టీచరు